నీ డబ్బుతో మేం చేసిన రాజభోగం

అంబాజీపేట

ఒరేయ్ చంటీ,

నువ్వు పంపిన డబ్బులు అందాయి, ఖర్చు కూడా అయిపోయాయి. మీ తాతగారి పాత ఇల్లు హోటలు వాళ్ళకి లీజుకివ్వాలా, కలప వ్యాపారికి అమ్మేయాలా అని మీ అన్నదమ్ములు ఫోన్లో కొట్టుకుంటుంటే, "ముందు నువ్వెళ్ళి అలా పాత ఇంటిని మార్చిన హోటల్లో పడుకుని చూసి చెప్పరా" అన్నావు కదా. పడుకుని చూశాం. నేనొక్కణ్ణే వెళ్తానంటే సత్యవతి ఒప్పుకుంటుందేంటి? పట్టుచీర కూడా పెట్టెలో పెట్టుకుంది.

హోటలు కాకినాడలో, జగన్నాథపురం వంతెన దాటాక. పేరు రాయను. రాస్తే వెతికి రేట్లు చూసి, మీ ఇంటికి అదే రేటు ఊహించుకుని లెక్కలు మొదలెడతావు. ఎవరో ఓడ సరుకు వ్యాపారి కట్టించిన ఇల్లట. కట్టించడానికి డబ్బెక్కడిదో ఊహించడం కష్టం కాదులే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మన మాగాణి ధాన్యమంతా కాలవల మీద పడవల్లో కాకినాడ రేవుకే చేరింది. తర్వాత అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి ఇంగ్లండు మిల్లులకి పత్తి కరువైతే, మన వైపు పత్తి కూడా ఈ రేవులోంచే ఓడెక్కింది. ఇక్కణ్ణుంచి రంగూనుకి స్టీమర్లు నడిచాయి. మన కూలీలు వెళ్ళారు, బర్మా టేకు వచ్చింది. పక్కనున్న కోరంగి రేవు పేరుతోనే బర్మాలో తెలుగువాళ్ళందర్నీ కొరంగీలు అనేవారు. ఆ కూలీల చెమటా ఆ టేకు దుంగలూ కలిసే ఈ ఇళ్ళయ్యాయి. మీ తాతగారి ఇల్లు కూడా అంతే, ఏమీ అనుకోకు.

లోపలికి అడుగు పెట్టగానే స్వాగతం అంటూ ఒక పిల్ల కొబ్బరినీళ్ళు ఇచ్చింది. పొడుగు కాడ గాజు గ్లాసులో, పైన పుదీనా ఆకు! తోటలోంచి బయల్దేరి వచ్చిన మనిషికి కొబ్బరినీళ్ళ మర్యాద. సత్యవతి ఆకు తీసి పక్కన పెట్టి, "లేత కాయ కాదండీ ఇది" అంది, ఆ పిల్ల ఎదురుగానే.

తర్వాత ఒక కుర్రాడు ఇల్లు తిప్పి చూపించాడు. మంచి కుర్రాడే, కోటు వేసుకుని ఆ ఎండలో తడిసిపోతున్నాడు. హాల్లో పడక్కుర్చీ ఒకటి చూపించి, "1923 కాంగ్రెస్ మహాసభకి వచ్చినప్పుడు గాంధీగారు ఇందులోనే కూర్చున్నారు సార్" అన్నాడు. ఆ డిసెంబర్లో గాంధీగారు మీ పూణేలో, ఎరవాడ జైల్లో ఉన్నారు కదరా! విడుదలైంది తర్వాతి ఫిబ్రవరిలో. కాకినాడ సభకి అధ్యక్షత చేసింది మౌలానా మహమ్మద్ అలీ. కుర్రాణ్ణి పక్కకి పిలిచి చెప్పాను. "మాకిచ్చిన కాగితంలో అలాగే ఉందండి" అన్నాడు పాపం. కాగితం కంటే మంచి కథ ఊళ్ళోనే ఉంది, అది చెప్పు అన్నాను: అదే సభప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పిల్ల దుర్గాబాయి (తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయింది ఆవిడే), టిక్కెట్టు లేదని నెహ్రూని ఆపేసింది. కుర్రాడు ఫోన్లో రాసుకున్నాడు.

మాకిచ్చిన గదికి 'హెరిటేజ్ సూట్' అని పేరు. గోడలు మూరెడు మందం, తలుపు పొట్టిది, కిటికీ ఈ మధ్య కొట్టి పెట్టిందని చట్రం చూస్తేనే తెలుస్తోంది. నా లెక్కన అది ధాన్యం కొట్టు. ఒకప్పుడు పుట్ల ధాన్యం ఊరికే పడుకున్న చోట మేం రాత్రికి పదకొండు వేలిచ్చి పడుకున్నాం. పైన జీఎస్టీ. గది అద్దె 7500 దాటితే 18 శాతం. పందిరి మంచం ఎక్కడానికి స్టూలు వేశారు. సత్యవతి ఎక్కనంది, బతిమాలాక ఎక్కింది, ఎక్కాక దిగనంది. పరుపు అలా ఉంది మరి. దోమతెర మాత్రం అలంకారానికే, మంచం నాలుగు కోళ్ళకీ కుట్టేశారు, విప్పితే రాదు. దోమలకి గోడకి పెట్టే మందు సీసా ఇచ్చారు.

ఇప్పుడు నీకు కావలసిన సంగతికొస్తాను. కలప బాగా చూసుకున్నారు. స్తంభాలకి చెద లేదు. కిందున్న రాతి దిమ్మల్ని కదపలేదు, అందుకే తేమ చెక్కకి ఎక్కలేదు. దూలాలు, వాసాలు, చెక్కడం పని ఉన్న ద్వారబంధం అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఇంత కలప కలప వ్యాపారి చేతిలో పడితే అడుగుల లెక్కన విడగొట్టి అమ్ముకునేవాడు. స్తంభాలు ఎవడి ఫామ్‌హౌస్ వరండాకో, ద్వారబంధం ఇంకెవరి డైనింగ్ టేబుల్‌కో పోయేవి.

గోడలే నాకు బెంగ పుట్టించాయి. పాతది గానుగ సున్నం, తెలుస్తూనే ఉంది: చెయ్యి పెడితే చల్లగా, నునుపుగా ఉంటుంది. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్ళతో నూరిన సున్నం అది. అలాంటి గోడ తేమని పీల్చుకుంటుంది, వదులుతుంది. వీళ్ళు పెచ్చులూడిన చోటల్లా సిమెంటు పూసేశారు. సిమెంటు తేమని బయటికి పోనివ్వదు. కాకినాడ ఉప్పుగాలికి తోడు ఆ తేమ లోపలే ఉండిపోయి, మా మంచం వెనక గోడంతా తెల్లగా ఉప్పు పూత పొంగింది. రిటైరైనా ఓవర్సీరు బుద్ధి పోతుందా, మేనేజర్ని పిలిచి చూపించాను. "సీపేజ్ సార్, మళ్ళీ పెయింట్ వేయిస్తాం" అన్నాడు. పెయింట్ ఎన్నిసార్లు వేసినా అంతే.

ఇంకొకటి, అసలైంది. మండువా మీద, అదే ఇంటి నడిమి ఖాళీ మీద, అద్దం పరిచారు! నాలుగు వైపుల నుంచీ పెంకుల మీద వాన జారి నడి కుండీలో పడాలి, తూములోంచి పెరట్లోకి పోవాలి. వేడి గాలి ఆ ఖాళీలోంచి పైకి వెళ్తుంటే, వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా తిన్నగా గాలి ఆడాలి. ఆ ఇల్లు కట్టిందే అలా ఊపిరి పీల్చడానికి. ఇప్పుడు మూతేసిన అక్వేరియంలా తయారైంది. ఎండ అద్దంలోంచి దిగుతుంది, బయటికి పోదు, దాన్ని చల్లబరచడానికి పొద్దస్తమానం ఏసీ. కుండీలో ఇత్తడి గంగాళం, గులాబీ రేకులు. మీ ఇంట్లో ఆషాఢం వానకి మనం ఆ కుండీలో దిగి తడుస్తుంటే మీ అమ్మగారు చీపురు పట్టుకుని చుట్టూ తిరిగేవారు. అక్కడ తడవడానికేం లేదు.

తిండి సంగతి రాయకపోతే ఊరుకోవు. పొద్దున పెసరట్టు అరచెయ్యంత, మూడు, పక్కన అల్లప్పచ్చడి చుక్కలు చుక్కలుగా పెట్టి తెచ్చారు. చుక్కలకి నేను వేలు పెట్టాను, సత్యవతి కాలు తొక్కింది. రాత్రి మెనూలో పులస పులుసు! శివరాత్రికి పులసేంట్రా? గోదారికి ఎర్రనీరు రావాలి, సముద్రంలోని విలస చేప ఏటికి ఎదురీదాలి, అప్పుడు కదా అది పులసయ్యేది. వంటాయన్ని చూడాలన్నాను. వచ్చాడు, కాకినాడ చేపలవాళ్ళ పేట ఏటిమొగ మనిషి. చెవి దగ్గరకి వంగి, "విలసేనండి, ఆయ్. మెనూ రాసేది మేం కాదండి. అది వదిలేయండి, మీకు గోంగూర రొయ్యలు వండిపెడతానండి" అన్నాడు. వండాడ్రా. ఆ ఇంట్లో నాకు నచ్చిన మనిషి ఆయనే. మెనూలో ఆ కూర లేదు, బిల్లులోనూ వెయ్యలేదు.

కాబట్టి నా మాట: అమ్మొద్దు, లీజుకివ్వండి. లేకపోతే మీలో ఏడాదికోసారి వచ్చి పెంకులు సర్దించేవాడెవడు? అమెరికాలో ఉన్నవాడా, నువ్వా? కానీ కాగితం మీద గట్టిగా రాయించుకో. మండువా మీద అద్దం వెయ్యకూడదు. గోడలకి సున్నమే, సిమెంటు ముట్టుకోకూడదు. పడమటి గది ఒకటి మీ ఇంట్లో పెళ్ళిళ్ళకి, తద్దినాలకి అద్దె లేకుండా ఇవ్వాలి. లీజు అయ్యాక ప్రతి స్తంభం, ప్రతి తలుపు లెక్క ప్రకారం అప్పగించాలి. ఆ లెక్క ఎల్లుండి వెళ్ళి నేనే టేపుతో కొలిచి, ఫోటోలు తీసి పంపిస్తాను. తాళం మీ పాలేరు దగ్గరే ఉంది కదా?

మీ రెండో అన్నయ్య ఆ కలప వాడి దగ్గర అడ్వాన్సు తీసుకోబోతున్నాడని బజార్లో విన్నాను. ఇది చదవగానే ఆయనకి ఫోన్ చెయ్యి. నేను చెప్పానని మాత్రం చెప్పకు.

నీ
సూరిబాబు