లావుగా ఉన్నవాళ్ళకి ఆకలేంటి అన్నావుగా

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఇక్కడ అమెరికాలో లేనివాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ పాంట్రీ ఫోటో చూసి "అంత లావున్న ఆడవాళ్ళకి ఆకలేంట్రా" అని పగలబడి నవ్వావు. నీ మీద కోపం లేదులే, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళే ఇదే మాట అంటారు. 1995లో విలియం డైట్జ్ అనే పిల్లల డాక్టరు ఒక పాప కేసు రాస్తూ ఈ ప్రశ్ననే తిరగేశాడు: ఆకలే లావుకి కారణమవుతుందా అని. ఆ తర్వాత అమెరికాలో చేసిన సర్వేలు చాలావాటిలో తేలింది ఏంటంటే, తిండికి కటకటలాడే ఇళ్ళల్లో ఆడవాళ్ళు మిగతా ఆడవాళ్ళకంటే బరువుంటారు, మగవాళ్ళలో మాత్రం ఆ తేడా సరిగ్గా కనబడదు. విచిత్రం కదూ, ఒకటే ఇల్లు, ఒకటే ఖాళీ ఫ్రిజ్!

కటకట అంటే రోజూ పస్తులని కాదురా. ఇక్కడి వ్యవసాయ శాఖ ఏటా అడుగుతూ వచ్చిన ప్రశ్నలు చూడు: కొన్న సరుకులు అయిపోయి మళ్ళీ కొనడానికి డబ్బుల్లేకుండా పోయిందా, డబ్బు చాలక ఒక పూట మానేశారా, ఇలా ఉండేవి. 2023లో 13.5 శాతం ఇళ్ళు ఆ లెక్కలోకి వచ్చాయి. లేనివాళ్ళకి సరుకుల కోసం ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంపుల డబ్బు నెలకోసారి కార్డులో పడుతుంది, చాలా ఇళ్ళల్లో మొదట్లో కడుపునిండా తింటారు, నెలాఖరుకి చౌకగా కడుపు నింపే నూడుల్స్, బ్రెడ్డు, చిప్సు తప్ప ఏమీ మిగలవు. వేడివేడిగా వండి అమ్మే భోజనం ఆ కార్డుతో మామూలుగా కొననివ్వరు కూడా, రెండు ఉద్యోగాలు చేసే తల్లి పొయ్యి దగ్గర ఎప్పుడు నిలబడుతుందో ఆ రూలు పెట్టినవాళ్ళకే తెలియాలి.

ఇలా ఓ వారం మాడి ఓ వారం తింటే ఒంటికి ఏమవుతుందంటే, మిన్నెసోటాలో 1944-45లో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది కుర్రాళ్ళని అర్ధాకలితో ఉంచి చూశాడు. మళ్ళీ తిండి పెట్టాక ముందుకంటే ఎక్కువ కొవ్వు పట్టింది. వాళ్ళంతా మగవాళ్ళే, గమనించు! అంటే మగ ఒంటికి ఆ గుణం లేక కాదు. నా అనుమానం ఏంటంటే, ఇంట్లో తిండి తగ్గినప్పుడు ఎవరి పూట ఎగిరిపోతుందన్నదే అసలు విషయం. పిల్లలకి పెట్టి తను మానేసేది తల్లి, తర్వాత దొరికినప్పుడు దొరికింది తినేదీ తనే. కాన్పుల బరువు, టెన్షను, నిద్రలేమి దాని మీద అదనం. మగవాడు పస్తున్నా చాలాసార్లు ఒళ్ళొంచి పని చేసేచోట ఉంటాడు. ఇవన్నీ సర్వేల్లో కలిసి కనబడుతున్న విషయాలే, ఇదే కారణమని కుండబద్దలు కొట్టినట్టు తేల్చడం కష్టం, అది ఒప్పుకుంటా.

మన దగ్గర లెక్క వేరు. పేద దేశాల్లో తిండిలేమికీ లావుకీ ఈ లంకె కనబడదు, మన దేశంలో బక్కగా ఉండేవాళ్ళు ఇంకా లేనివాళ్ళలోనే ఎక్కువ. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలో ఆడవాళ్ళు 36 శాతం, మగవాళ్ళు 31 శాతం అధిక బరువు. అదే సర్వేలో దేశం మొత్తం మీద ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత, మగవాళ్ళలో 25. రేషన్లో మనిషికి 5 కిలోల బియ్యం ఉచితంగా వస్తోంది సరే, పప్పు, గుడ్డు, కూరగాయ ఎక్కడినుంచి వస్తాయి? అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన అన్నం, పులుసు కలుపుకుని తినేది మీ ఇంట్లో ఎవర్రా? మా ఇంట్లో అయితే అమ్మే. బరువు 70 దాటింది, రక్తం మాత్రం ఎప్పుడు చూసినా తక్కువే అంటారు డాక్టర్లు.

అందుకే ఆ ఫోటో మీ స్కూల్ గ్రూపులో పెట్టి ఉంటే తీసెయ్. ఆదివారం కాల్ చేస్తా, వాదించాలనుంటే అప్పుడు వాదించు.

నీ
రవి