మార్కు 3:30 దాకా చదవండి

సంపాదకులకు,

కోతలు అయిపోయి ఎండలు ముదిరాయంటే జనగామ నుంచి నర్సంపేట దాకా క్రైస్తవ ఉజ్జీవ కూటాల పందిళ్లు లేస్తాయి. అక్కడి మైకుల్లో, తర్వాత వాట్సాప్‌లో తిరిగే వీడియో ముక్కల్లో ఒక బెదిరింపు ఈ మధ్య మరీ ఎక్కువైంది: పాస్టరు అయ్యగారి స్వస్థత ప్రార్థనను శంకిస్తే అది పరిశుద్ధాత్మ దూషణ, దానికి ఇహంలోనూ పరంలోనూ క్షమాపణ లేదు అని. వాళ్లు చూపే వచనం మత్తయి సువార్త 12:32. అది గ్రంథంలో ఉన్న మాటే. దాన్ని కోసి వాడుతున్న తీరు తప్పు.

ముందు దాని పైవచనం చూడాలి. మనుషులు చేసే ప్రతి పాపమూ, ప్రతి దూషణా క్షమింపబడుతుందని 31వ వచనం మొదలవుతుంది. ఆ సగం మైకులో వినిపించదు. ఇదే సంగతి మార్కు 3:22 నుంచి 30 వరకు ఉంది. యెరూషలేము నుంచి వచ్చిన శాస్త్రులు, అంటే ధర్మశాస్త్రం కంఠతా వచ్చినవాళ్లు, యేసు దయ్యాలను వెళ్లగొట్టడం చూసి 'ఇది బయెల్జెబూలు (దయ్యాల అధిపతి) బలం' అన్నారు. అప్పటికి కళ్లెదుట ఏం జరిగిందో మత్తయి చెబుతాడు: గుడ్డివాడూ మూగవాడూ అయిన మనిషికి చూపూ మాటా వచ్చాయి. అది కాదనలేక, ఆ మేలునే సైతాను పని అన్నారు. ఈ హెచ్చరిక ఎందుకిచ్చాడో 30వ వచనం విప్పి చెబుతుంది: ఆయనకు అపవిత్రాత్మ పట్టిందని వాళ్లు అన్నందుకు. గ్రీకులో ఆ క్రియ 'అంటూ ఉన్నారు' అనే అర్థమిస్తుంది. నోరుజారిన ఒక్క మాట గురించి కాదు, తెలిసి తెలిసి పట్టుకు కూర్చున్న మొండితనం గురించి.

బోధకుడిని ప్రశ్నించడం దీని కిందికి ఎలా వస్తుంది? ఆత్మను ఆర్పవద్దని చెప్పిన 1 థెస్సలొనీక 5:19కి రెండు వచనాల తర్వాతే 'సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి' అని ఉంది. ప్రవక్తలు ఇద్దరో ముగ్గురో మాట్లాడితే తక్కినవాళ్లు వివేచించాలని 1 కొరింథీ 14:29 అంటుంది. అంటే అడగడం సంఘానికి అప్పగించిన పనే.

ఇంకో గందరగోళం క్రియల దగ్గర. ఆత్మను దుఃఖపరచడం (ఎఫెసీ 4:30), ఆర్పడం, ఎదిరించడం (అపొస్తలుల కార్యములు 7:51), దూషించడం వేర్వేరు మాటలు. క్షమాపణ లేదన్నది చివరిదానికే. దశమభాగం (ఆదాయంలో పదోవంతు కానుక) ఎగ్గొట్టినవాళ్లకు అననీయ, సప్పీరాల కథను దీనితో ముడిపెట్టి చెప్పడం మరీ అన్యాయం. అపొస్తలుల కార్యములు ఐదో అధ్యాయంలో ఆ దంపతులు చేసింది, పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని అంతా ఇచ్చినట్టు అబద్ధమాడడం. పైగా ఆ పొలం అమ్మకముందూ, అమ్మాకా నీదే కదా అని పేతురే అన్నాడు. ఆ పేతురు అంతకుముందు ఒట్టుపెట్టుకుని మూడుసార్లు 'ఆయనెవరో ఎరగను' అన్నవాడే. పౌలు తనను తాను దూషకుడినని రాసుకున్నాడు, తెలియక చేశాను గనుక కనికరం దొరికిందనీ రాశాడు (1 తిమోతి 1:13).

సంఘాల మధ్య తేడా లేకపోలేదు. చనిపోయేదాకా పశ్చాత్తాపాన్ని తోసిపుచ్చడమే ఈ పాపమని తొలినాళ్ల సంఘ పండితుడు అగస్టీను చెప్పాడు. కతోలిక బోధ నేటికీ దానికి దగ్గరగానే ఉంది. సత్యం తెలిసీ పగతో ఎదిరించడమని ప్రొటెస్టంటు సంస్కర్త కాల్విను అన్నాడు. ఆత్మ చేసిన పనిని సైతానుకు అంటగట్టడమని పెంతెకొస్తు సంఘాల్లో ఎక్కువగా చెబుతారు. అగస్టీను మాట పట్టుకుంటే మాత్రం ఊపిరి ఉన్న మనిషి మీద ఈ ముద్ర వేయడం ఎవరి తరమూ కాదు.

బెదిరింపు ఎక్కువగా తగిలేది వద్దన్నా మనసులోకి బూతు మాటలు, దైవదూషణ దూసుకొచ్చే మనుషులకు. వాళ్లు ఆ మాటలు కోరుకోరు, వస్తే వణికిపోతారు. గంటల తరబడి అదే ప్రార్థన, రోజూ అదే ఒప్పుకోలు. 'భయపడుతున్నావంటే ఆ పాపం చేయలేదన్నట్టే' అని ఒకసారి చెప్పడం మంచిదే. కానీ రోజుకు పదిసార్లు అడిగితే పదిసార్లూ చెప్పడం జబ్బుకు మేత వేయడమే. ఆ ఊరట కాసేపే ఉంటుంది, మళ్లీ అడగాలనిపిస్తుంది. దీన్ని ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అనే మానసిక జబ్బు అంటారు. ఉపవాసాలు పెంచితే తగ్గదు. తిండీ నిద్రా తగ్గి ఇంకా ముదురుతుంది. మందులు పనిచేయడం తెలియాలంటే సాధారణంగా 8 నుంచి 12 వారాలు పడుతుంది. వాటిని 'విశ్వాసంతో' ఒక్కసారిగా మానిపించడం ప్రమాదం. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

కూటాలు పెట్టేవారికి ఒక విన్నపం. ఈ వచనం ఎత్తుకుంటే మార్కు మూడో అధ్యాయం 22 నుంచి 30 దాకా ఆపకుండా చదివించండి. తొమ్మిది వచనాలు, నిమిషంన్నర పట్టదు.

— ఒక వేదాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ