చింతపిక్కలతో జన్యుపాఠం: మన తలసీమియా తల్లిదండ్రుల సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

రక్తదాన శిబిరాల గురించి, మందుల గురించి ప్రతి నెలా మాట్లాడుకుంటూనే ఉన్నాం కనుక వాటికి ఇక్కడ రెండు ముక్కలే. తలసీమియా అంటే ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని వంశపారంపర్య జబ్బు, మన పిల్లలకు తరచూ రక్తం ఎక్కించాలి కనుక వేసవిలో ఎప్పటిలాగే రక్తానికి కటకటలాడాం. సెలవులకు కాలేజీ పిల్లలు ఊళ్ళకు వెళ్ళిపోతే మనకు దాతలు దొరకరు. జమాఖర్చుల పుస్తకం సర్వసభ్య సమావేశంలో బల్ల మీద ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు.

ఈ ఏడాది మనం ఎక్కువగా పాటుపడింది పాఠాల కోసం. రాజమహేంద్రవరంలో, రంపచోడవరం వైపు కలిపి 9 కాలేజీలకు వెళ్ళాం. వాటిలో ఇంటర్ కాలేజీలూ ఉన్నాయి, డిగ్రీ కాలేజీలూ ఉన్నాయి. బైపీసీ పిల్లలకు జన్యుశాస్త్రం కొత్తేమీ కాదు. బోర్డు మీద గళ్ళు గీసి, పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేసి టకటకా చెప్పేస్తారు. కానీ "ఆ గడిలో మీ అమ్మానాన్నలు ఉంటే?" అని అడిగితే క్లాసంతా నిశ్శబ్దం. చదివింది బఠానీ మొక్కల గురించి అనుకుంటారు తప్ప తమ గురించి అనుకోరు.

మనకు బాగా పనికొచ్చినవి చింతపిక్కలు. అష్టాచెమ్మాకి వాడినట్టే ఒక వైపు అరగదీసి తెల్లగా చేశాం. ఇద్దరు పిల్లలు చెరో పిక్క వేస్తారు, ఒకటి తండ్రిది, ఒకటి తల్లిది. తెలుపు పడితే లోపమున్న జన్యువు వచ్చినట్టు. రెండూ నలుపైతే బిడ్డకు ఏమీ లేదు. ఒకటి తెలుపైతే అమ్మానాన్నల్లాగే మైనర్, అంటే క్యారియర్. రెండూ తెలుపైతే మేజర్, అంటే మన పిల్లలకున్న అసలు జబ్బు. అలా ఒక్కొక్కరి చేత 20 సార్లు వేయించి లెక్క రాయించాం. ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ లెక్చరర్ గారు "మీ పిక్క ఒక పక్కకే ఎక్కువ పడుతోందండీ" అని పట్టేశారు. నిజమే, అరగదీసిన పిక్క సమానంగా పడదు. అప్పటి నుంచి లెక్కకు రూపాయి బిళ్ళలు, ఆటకు పిక్కలు.

ఈ ఆట వల్ల ఒక అపోహ తేలిగ్గా పోయింది. అమ్మానాన్నలిద్దరూ క్యారియర్లైతే మేజర్ నలుగురిలో ఒకరికి అంటే, మొదటి బిడ్డకు వచ్చేస్తే మిగతా ముగ్గురికి రాదనే అనుకుంటారు చాలామంది. మనలోనూ అలా నమ్మి రెండో కాన్పుకి వెళ్ళినవాళ్ళం ఉన్నాం. పిక్కకు వెనకటి పందెం గుర్తుండదు. ప్రతి కాన్పుకీ 25 శాతం ప్రమాదం మళ్ళీ మొదటికే వస్తుంది.

జన్యు పరీక్ష అనగానే పిల్లలు వేలకు వేలు ఖర్చని భయపడ్డారు. క్యారియరా కాదా తేల్చడానికి మొదట కావలసింది మామూలు సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్ష. అందులో ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ 80 కన్నా తక్కువుంటే అనుమానించాలి. తర్వాత హెచ్‌పీఎల్‌సీ అంటే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే పరీక్ష చేసి, అందులో హిమోగ్లోబిన్ ఏ2 సుమారు 3.5 శాతం దాటితే బీటా తలసీమియా మైనర్ అని చెబుతారు. ఐరన్ బాగా తక్కువుంటే ఈ అంకె కిందికి దిగి మోసం చేయొచ్చు. అందుకే రిపోర్టు చదవడం డాక్టరు పనే. డీఎన్ఏ పరీక్ష అవసరం పడేది భార్యాభర్తలిద్దరూ క్యారియర్లని తేలాకే. ఇద్దరిలోనూ ఏ లోపం ఉందో ముందే తెలిస్తే, గర్భంలో 10 నుంచి 12 వారాల మధ్య మావి నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ సంగతి చెప్పగలరు.

దేశంలో నూటికి ముగ్గురు నలుగురు బీటా తలసీమియా క్యారియర్లని అంచనా. వాళ్ళు రోగులు కారు. కొంచెం రక్తం తక్కువగా కనిపిస్తుంది, కొందరు ఏళ్ళ తరబడి ఉత్తపుణ్యానికి ఐరన్ మాత్రలు మింగుతుంటారు. ఈ మాట ప్రతి క్లాసులో మూడుసార్లు చెప్పాం.

రంపచోడవరం వైపు సికిల్ సెల్ గురించే, అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య రక్తజబ్బు గురించే ఎక్కువ చెప్పాం. 2023 జులై 1న కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళలోపు వారికి పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. సికిల్ సెల్ జన్యువు ఒక్కటే ఉన్నవారికి తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని చెప్పినప్పుడు అక్కడి పిల్లల ముఖాలు చూడాలి. మన్యంలో మలేరియా పాఠం కాదు, ఇంట్లో సంగతి. "అయితే ఇది మా తాతల్ని కాపాడిందా?" అని ఒకమ్మాయి అడిగింది. అంత మంచి ప్రశ్న ఏడాది మొత్తంలో ఇంకొకటి రాలేదు.

మేనరికాల ప్రశ్న రాని చోటు లేదు. మేనమామను చేసుకుంటే ఇద్దరి జన్యువుల్లో సగటున పావు వంతు, మేనబావనైతే ఎనిమిదో వంతు ఒకే చోటి నుంచి వచ్చి ఉంటాయి. అందుకే ప్రమాదం పెరుగుతుంది. బయటి సంబంధమైతే చాలు అనుకోవడమూ తప్పే. మన సంఘంలోనే ఏ బంధుత్వమూ లేని దంపతులు ఎందరో ఉన్నారు.

ఇప్పుడు దాచకుండా ఒక పొరపాటు చెప్పాలి. ఆగస్టులో ఒక కాలేజీలో అక్కడికక్కడే రక్తం తీయించి, వచ్చిన ఫలితాలన్నీ ఒకే జాబితాగా కాలేజీకి ఇచ్చేశాం. దాన్ని క్లాసులో పేరు పేరునా చదివారు. క్యారియర్ అని వచ్చిన ఒక అమ్మాయి వారం రోజులు కాలేజీకే రాలేదు. "పెళ్ళి ఎలా అవుతుంది" అని వాళ్ళమ్మగారు ఫోన్‌లో ఏడుస్తుంటే మన దగ్గర జవాబు లేదు. చదివినవాళ్ళ తప్పు కన్నా జాబితా ఇచ్చిన మన తప్పే పెద్దది. కార్యవర్గం ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పింది.

దాని తర్వాత ఇంటర్ పిల్లలకు పాఠం మాత్రమే చెబుతున్నాం, రక్తం తీయడం లేదు. డిగ్రీలో 18 నిండినవారికి, అదీ వాళ్ళంతట వాళ్ళు అడిగితేనే పరీక్ష. ఫలితం మూసిన కవరులో వాళ్ళ చేతికే. దీనివల్ల పరీక్షల సంఖ్య తగ్గిందని కార్యవర్గంలో గట్టిగానే వాదన జరిగింది. సంఖ్య తగ్గితే తగ్గనీ అన్నవాళ్ళలో నేనొకణ్ణి.

ఆ వాదనలోనే ఇంకో సంగతి బయటపడింది. ఊరందరికీ చెబుతున్న మనం మన అన్నదమ్ముల చేత, అక్కచెల్లెళ్ళ చేత పరీక్ష చేయించామా? లెక్క చూస్తే సగం ఇళ్ళలో లేదు. క్యారియర్ తోబుట్టువు కూడా క్యారియర్ అయ్యే అవకాశం కనీసం సగానికి సగం. ముందు వెతకాల్సింది అక్కడ. అందుకని ఈసారి సర్వసభ్య సమావేశం రోజున హాలు పక్క గదిలో బంధువులకు రక్తం తీసే ఏర్పాటు చేస్తున్నాం. పెళ్ళీడు పిల్లలున్న బాబాయిలను, పిన్నులను, మేనత్తలను వెంటబెట్టుకు రండి. ఖాళీ కడుపుతో రానక్కర్లేదు. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకున్నవారు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇట్లు,
కార్యదర్శి