యురేకా స్ప్రింగ్స్ రైడ్: శుక్రవారం సాయంత్రమే లోడింగ్

అందరికీ నమస్తే. బైకుల్ని ట్రైలర్‌లో ఎక్కించుకుని, శనివారం తెల్లారి 5కి డాలస్ నుంచి ఆర్కన్సాలోని యురేకా స్ప్రింగ్స్‌కి బయలుదేరుతున్నాం. బైకులు శుక్రవారం సాయంత్రం 6 కల్లా ట్రైలర్ దగ్గరికి తెచ్చేయండి. ట్యాంకు ఫుల్ చేయించకండి.

బైక్‌కి నాలుగు రాచెట్ స్ట్రాప్‌లు (లివర్‌తో బిగించే కట్టు పట్టీలు), రెండు సాఫ్ట్ లూప్‌లు (హుక్ తగిలించడానికి బైక్‌కి చుట్టే మెత్తని పట్టీలు) ఎవరివి వాళ్లే తేవాలి. అంచులు పీచులేచిన స్ట్రాప్ అస్సలు వద్దు.

ముందు చక్రం చాక్‌లో (చక్రాన్ని కదలకుండా పట్టుకునే స్టాండ్) పూర్తిగా కూర్చోవాలి. సైడ్ స్టాండ్ మీద వాల్చి కట్టకండి, బైక్ నిటారుగా నిలబడాలి. ముందు స్ట్రాప్‌లు కుడి ఎడమలు మార్చి మార్చి, కొంచెం కొంచెంగా బిగించండి. ఫోర్క్ (ముందు చక్రం సస్పెన్షన్) సగం దిగితే చాలు, మరీ నొక్కేస్తే దాని ఆయిల్ సీల్స్ దెబ్బతినొచ్చు. స్ట్రాప్ హుక్ ట్రైలర్ నేలలోని డీ రింగ్‌కే (D ఆకారం ఇనుప కొక్కెం) తగిలించాలి, గోడకి కాదు.

50 మైళ్లలోపు ఒకసారి ఆగి ప్రతి స్ట్రాప్ లాగి చూద్దాం.

మర్చిపోవద్దు: బరువు చూసి ఎక్కించాలి కాబట్టి మీ బైక్ మోడల్ ఈ రాత్రికే ఇక్కడ పెట్టండి.