ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రాక్సీ సదుపాయం అసంపూర్ణంగా ఉండడంపై ఫిర్యాదు

ఆపరేటింగ్ సిస్టమ్ విభాగాధిపతి గారికి,

విషయం: నెట్‌వర్క్ ప్రాక్సీ సెట్టింగు అన్ని ప్రోగ్రాములకూ వర్తించకపోవడం గురించి.

అయ్యా,

మా ఇంజినీరింగ్ కళాశాల ల్యాబుల్లో సాంకేతిక సహాయానికి ఏటా చందా కడుతూ మీ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను వాడుతున్నాం. మా క్యాంపస్ నుంచి ఇంటర్నెట్‌కు దారి ఒక్కటే: 3128 పోర్టులో నడుస్తూ, ప్రతి ఒక్కరినీ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగే స్క్విడ్ అనే ప్రాక్సీ (మా అభ్యర్థనలను ఇంటర్నెట్‌కు చేరవేసే మధ్యవర్తి సర్వర్).

మీ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ చిరునామా నింపి, సిస్టమ్ అంతటికీ వర్తింపజేయమని ఎంచుకున్నా, ఆ మాటను మన్నించేది బ్రౌజర్ ఒక్కటే. సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ మేనేజర్‌కు దాని కాన్ఫిగరేషన్ ఫైల్లో, కోడ్ మార్పులను భద్రపరిచే గిట్‌కు దాని సెట్టింగుల్లో, ప్రోగ్రాములను విడి కంటెయినర్లలో నడిపే డాకర్‌కు దాన్ని ప్రారంభించే సిస్టమ్‌డీ సర్వీసులో అదే చిరునామాను విడివిడిగా రాయాల్సి వస్తోంది. టెర్మినల్‌లో ఆ చిరునామాను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా (ప్రోగ్రాములు చదువుకునే సెట్టింగుగా) పెట్టుకున్నా, సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, కమాండ్ ఇవ్వగానే అది మాయమవుతోంది. ప్రాక్సీ అక్కర్లేని చిరునామాల మినహాయింపుల్లో 10.0.0.0/8 (10తో మొదలయ్యే లోపలి చిరునామాలన్నీ) అని రాస్తే కొన్ని ప్రోగ్రాములు గ్రహిస్తాయి, కొన్ని గ్రహించక మా లోపలి సర్వర్లకు వెళ్లాల్సిన అభ్యర్థనలను కూడా ప్రాక్సీకే పంపుతాయి.

అన్నిటికంటే ఆందోళన కలిగించేది పాస్‌వర్డ్ సంగతి. మీ సహాయక సిబ్బంది సూచించినట్టు చేస్తే విద్యార్థి తన పాస్‌వర్డ్‌ను ప్రాక్సీ చిరునామాలోనే, ఎవరైనా చదవగలిగేలా రాసుకోవాలి. అందులో @ గుర్తు ఉంటే దాని బదులు %40 అని రాయాలి. అది తెలియని మొదటి సంవత్సరం పిల్లలు పాస్‌వర్డ్ సరైనదే అయినా లోపలికి వెళ్లలేక ల్యాబ్ గంటంతా పోగొట్టుకుంటున్నారు. పైగా ఆ పాస్‌వర్డ్ షెల్ హిస్టరీలో (టైప్ చేసిన కమాండ్ల జాబితాలో) మిగిలిపోతుంది, ఆ సెషన్‌లో తెరిచిన ప్రతి ప్రోగ్రాముకూ అందుతుంది. పదిమంది కూర్చునే కంప్యూటర్ల మీద ఈ పద్ధతిని మేం ఎలా అనుమతించగలం?

ప్రాక్సీ తన వంతుగా 407 కోడ్‌తో ధ్రువీకరణ కావాలని స్పష్టంగానే చెబుతోంది. దాన్ని అందుకున్న మీ సాఫ్ట్‌వేర్ స్టోర్ మాత్రం ఇంటర్నెట్ లేదని చూపిస్తోంది. వాడేవారు కేబుల్ సరిచూసుకుంటూ ఉండిపోతారు.

ఇదేమీ నిన్న మొన్న పుట్టిన అవసరం కాదు. ప్రాక్సీని స్క్రిప్టు ద్వారా ఎంచుకునే ప్యాక్ ఫైలు 1996లోనే నెట్‌స్కేప్ బ్రౌజర్‌తో వచ్చింది. మరో రకం ప్రాక్సీకి సంబంధించిన సాక్స్ 5 ప్రమాణమూ ఆ ఏడాదిదే. ఒక్కో ప్రోగ్రాము ఒక్కో తీరున చదివే వేరియబుల్స్‌కు ఈ బాధ్యతను వదిలేయడం ఆపరేటింగ్ సిస్టమ్ తయారీదారులకు తగదని నా దృఢమైన అభిప్రాయం.

కాబట్టి ప్రాక్సీ వివరాలను సిస్టమ్ స్థాయిలో ఒకేచోట ఉంచి, ప్యాకేజీ మేనేజర్‌తో సహా మీరు అందించే ప్రోగ్రాములన్నీ అక్కడినుంచే తీసుకునేలా చేయాలని, పాస్‌వర్డ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసిన కీరింగ్‌లో (పాస్‌వర్డ్‌లు దాచే చోట) భద్రపరచాలని, 407 వచ్చినప్పుడు లాగిన్ విండో చూపాలని కోరుతున్నాను. ఈ మార్పులు ఏ విడుదలలో వస్తాయో లిఖితపూర్వకంగా తెలియజేయండి. చందా పునరుద్ధరణపై మా యాజమాన్యం మీ జవాబు చూశాకే నిర్ణయం తీసుకుంటుంది.

ఇట్లు,
భవదీయుడు,
కంప్యూటర్ ల్యాబుల నిర్వాహకుడు