ఆ వెండి డాలర్ అంచు ఫొటో ఏది?

ఎడిటర్ గారికి నమస్కారం.

అమెరికా తొలినాటి వెండి నాణేల మీద మీరు వేసిన కథనం చదివాను. ఫొటోలు బాగున్నాయి గానీ మొదటి నుంచి చివరి దాకా కోట్ల లెక్క తప్ప ఇంకేమీ లేదు. 1794 డాలర్ ఒకటి 2013 వేలంలో కోటి డాలర్లు దాటిన మాట నిజమే, కాదనను. ఎందుకంత పలికిందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఫిలడెల్ఫియా టంకశాల ఆ ఏడాది అక్టోబర్ 15న లెక్క అప్పజెప్పిన డాలర్లు 1,758 మాత్రమే. అవీ చిన్న నాణేల కోసం ఉన్న ప్రెస్ మీద కొట్టినవి, అది అంత పెద్ద బిళ్లకు చాలక చాలావాటి మీద ఎడమ పక్క నక్షత్రాలు సరిగా పడనే లేదు.

ధరలు మాత్రమే చదివినవాళ్లు చేసే పనులు రెండు. చేతిలో ఉన్న నాణేన్ని తళతళ మెరిసేలా తోమేస్తారు, లేదంటే ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించిన నకిలీని ఎగబడి కొంటారు.

తోముడు సంగతి ముందు. అప్పట్లో వెండి బిళ్ల ఉండాల్సిన బరువు కంటే ఎక్కువ తూగితే ఆకురాయితో కాస్త అరగదీసి, ఆ తర్వాతే అచ్చు వేసేవారు. ఆ గీతలు కొన్ని నాణేల మీద ఇప్పటికీ కనిపిస్తాయి, లిబర్టీ (స్వేచ్ఛాదేవత) బొమ్మ జుట్టు మీదో అంచు దగ్గర పళ్లలాంటి గాట్ల మీదో సన్నగా ఒకే వరసలో ఉంటాయి. వాటిని చూసి ఎవరో గీకేశారనుకుని పాలిష్ పట్టించేవాళ్లున్నారు! నాణెం అసలుదేనా, ఎంత బాగుంది అని చూసి నంబర్ గ్రేడ్ ఇచ్చే పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలు టంకశాలలోనే పడ్డ ఆ గీతల్ని మామూలుగా దెబ్బ కింద జమకట్టవు. మనం తోమింది మాత్రం ఇట్టే పట్టేసి, నంబర్ గ్రేడ్ ఇవ్వకుండా ‘డీటెయిల్స్’ అని రాసి పంపుతాయి, ఇక దాని ధర సగానికో ఇంకా కిందికో పడిపోవచ్చు. పాత వెండి మీద పట్టిన నలుపును అలాగే ఉండనివ్వండి మహాప్రభో.

ఇక నకిలీలు. 1804 అని వేసి ఉన్న డాలర్లు అసలు 1804లో కొట్టినవే కావు. సియాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజుకు, మస్కట్ సుల్తాన్‌కు కానుకగా పంపే సెట్ల కోసం 1834 ప్రాంతంలో మొదట చేశారు, తర్వాతి దశాబ్దాల్లో టంకశాల లోపలే గుట్టుగా ఇంకొన్ని చేశారు. అన్నీ కలిపి తెలిసినవి 16. ఒక్కోదాని చరిత్రా కలెక్టర్లకు కంఠస్థం, కాబట్టి ఇంకోటి మీకోసం సేల్‌లో పెట్టి ఉండదు. 1795, 1798 లాంటి మామూలు తేదీలకే అసలు టెన్షన్. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే అది వెండి కాదు. తూకం వేయండి, అప్పటి డాలర్ దాదాపు 27 గ్రాములుండాలి. అన్నిటికంటే ముందు అంచు చూడండి. అసలుదాని అంచు మీద ‘హండ్రెడ్ సెంట్స్ వన్ డాలర్ ఆర్ యూనిట్’ అని అక్షరాలుంటాయి, నకిలీల్లో చాలావాటికి తర్వాతి కాలం నాణేల్లాగా ఉత్త నిలువు గీతలే ఉంటాయి. నకలు నాణెం మీద ‘కాపీ’ అని ముద్ర వేయాలని అమెరికాలో 1973 నుంచి చట్టం ఉంది, మోసం చేసేవాడు వేస్తాడా మరి?

మీ కథనంలో అస్సలు చోటు దొరకనివి 1807 నుంచి 1836 దాకా వచ్చిన హాఫ్ డాలర్లు, కలెక్టర్లు ముద్దుగా ‘బస్ట్ హాఫ్’ అనుకునేవి. 1804 తర్వాత చెలామణి కోసం డాలర్ల తయారీ చాలా ఏళ్లు ఆగిపోయింది కాబట్టి బ్యాంకులు వీటినే సంచుల్లో కట్టి ఖజానాలో పెట్టుకునేవి, అందుకే అంతగా అరగనివి ఇప్పటికీ బాగానే దొరుకుతాయి, ధరా మీరు రాసిన కోట్ల దరిదాపుల్లో ఉండదు. వీటి అంచు పని చూస్తే ముచ్చటేస్తుంది. అచ్చు వేయకముందే బిళ్లను రెండు ఉక్కు పట్టీల మధ్య దొర్లించేవారు, ఒక్కో పట్టీ మీద సగం మాటలు. బిళ్ల సగం చుట్టు తిరిగేసరికి మొత్తం పడిపోవాలి, మధ్యలో జారితే అక్షరం మీద అక్షరం ఎక్కేది. డైల (నాణెం మీద ముద్ర వేసే ఉక్కు అచ్చుల) మీద అక్షరాలు, అంకెలు, నక్షత్రాలు ఒక్కొక్కటీ చేత్తో కొట్టినవే గనక ఒకే ఏడాది నాణేల్లోనూ తేడాలుంటాయి. ఓవర్టన్ అనే ఆయన కేటలాగులోని నంబర్లతో 450కి పైగా డై జతలను (బొమ్మ వైపు, బొరుసు వైపు డైల జోడీలను) గుర్తించారు, ఆ జతలు పట్టుకోవడానికే జీవితమంతా భూతద్దం వదలనివాళ్లున్నారు. నా దృష్టిలో అసలైన సేకరణ అదే, కోటి డాలర్ల వేలం కాదు.

మళ్లీ ఇలాంటి కథనం వేస్తే బొమ్మా బొరుసుల పక్కన అంచు ఫొటో కూడా ఒకటి వేయండి, ధరల పట్టిక కాస్త తగ్గినా ఫర్వాలేదు.

మీ పాఠకుడు