మా అత్తయ్యకు అండగా నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. మా అత్తయ్యకు అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు అని తేలిన నాటి నుంచి మాకు సాయపడినవారు ఎందరో ఉన్నారు. కొందరి పేర్లు కూడా నాకు తెలియవు. మరికొందరు ఎక్కడో బెంగళూరులోనో హైదరాబాదులోనో కూర్చుని, మేమెవరమో తెలియకుండానే మా ఇంటికి మేలు చేశారు. విడివిడిగా చెప్పడం నా వల్ల కాదు కాబట్టి నలుగురి ముందు ఇలా చెప్పుకుంటున్నాను.

మొదటి నమస్కారం ఆమదాలవలసలో ఆటో నడిపే తమ్ముడికి. పుట్టింటికి వెళ్లాలని అత్తయ్య ఒంటరిగా రైలెక్కి, శ్రీకాకుళం రోడ్ స్టేషనులో దిగిపోయారు. ఎటు వెళ్లాలో తెలియక బయట నిలబడి ఉంటే, ఆ అబ్బాయి గమనించి, నీడన కూర్చోబెట్టి, టీ తాగించాడు. పమిట చెంగు లోపలి వైపు మేము కుట్టించిన ఫోను నంబరు చూసి మాకు కబురు చేశాడు. నేను వెళ్లేదాకా బేరాలన్నీ వదులుకుని ఆవిడ పక్కనే ఉన్నాడు. డబ్బు ఇస్తే ముట్టుకోలేదు. నాయనా, నీ తల్లి కడుపు చల్లగా ఉండాలి.

తరువాత విశాఖపట్నంలో పరీక్షించిన వైద్యురాలికి. అప్పటిదాకా చుట్టుపక్కల వాళ్లంతా "వయసు మీద పడింది, చాదస్తం మామూలే" అని తేల్చేశారు. ఆవిడ మాత్రం అలా తీసిపారేయలేదు. బి12 విటమిన్ తక్కువైనా, థైరాయిడ్ సరిగా లేకపోయినా మతిమరుపు రావచ్చు, అలాంటిదైతే మందులతో కుదుటపడే అవకాశం ఉంటుందని చెప్పి ముందు ఆ రక్తపరీక్షలు, తలకు స్కానింగు చేయించారు. ఆ తరువాతే జ్ఞాపకశక్తి పరీక్షకు కూర్చోబెట్టారు.

ఆ పరీక్ష గురించి కాస్త వివరంగా చెప్పాలి. అత్తయ్య బడి మొహం చూడలేదు. సాధారణంగా అడిగే పరీక్షల్లో ఒక వాక్యం రాయమంటారు, బొమ్మ చూసి గీయమంటారు, వందలోంచి ఏడు చొప్పున తీసివేస్తూ పొమ్మంటారు. జన్మలో పెన్సిలు పట్టని మనిషి అక్కడ తప్పితే అది జబ్బు కింద లెక్కా, చదువు లేకపోవడం కింద లెక్కా? వైద్యురాలు రాతపని అడగలేదు. తెలుగులో చిన్న కథ చెప్పి, కాసేపయ్యాక మళ్లీ చెప్పించుకున్నారు. ఇంట్లో వాడే వస్తువుల బొమ్మలు చూపించి పేర్లు అడిగారు. సంతలో చిల్లర లెక్క చూసుకోగలుగుతున్నారా, కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తున్నారా, తెలిసిన వీధిలో దారి తప్పుతున్నారా అని నన్ను పక్కకు పిలిచి అడిగారు.

ఇలాంటి పరీక్షలు వాటంతట అవి పుట్టవని ఆవిడే చెప్పారు. భారత వైద్య పరిశోధన మండలి, బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్, మన హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి, ఇంకా దేశంలోని మరికొన్ని ఆసుపత్రుల నిపుణులు కలిసి మన భాషలకు, మన జీవనానికి తగినట్లు పరీక్షలు తయారుచేశారు. హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళం, ఈ అయిదు భాషల్లోనూ చేశారు. అందులో తెలుగు ఉన్నందుకు ఆ పరిశోధకులందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. ఇంగ్లీషు చదువుకున్నవారి కోసం రాసిన ప్రశ్నలతో మా అత్తయ్యలాంటి వాళ్లను కొలిస్తే న్యాయం ఎలా జరుగుతుంది?

నిమ్స్‌లో జరిగిన మరో పరిశోధన మా ఇంటికి ఇంకా దగ్గరది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు, ఉన్న 648 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవారి కంటే రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైందట. అక్షరం రానివారిలోనూ ఆ తేడా కనిపించిందట. అత్తయ్యది ఇచ్ఛాపురం వైపు పల్లె. పుట్టింట్లో ఒడియా, మెట్టినింట్లో తెలుగు. తన బతుకులో చదువు లేదని ఎప్పుడూ చిన్నబుచ్చుకునే మనిషికి ఆ రెండో భాష ఇన్నాళ్లూ కాపు కాసి ఉండవచ్చని వింటే నాకు కళ్లు చెమర్చాయి. ఒక్క మనిషి విషయంలో అది రుజువు కాదని తెలుసు. అయినా ఆ మాట మా వారికి ఫోనులో రెండుసార్లు చదివి వినిపించాను. ఆయన సైన్యంలో ఉన్నారు, సరిహద్దులో డ్యూటీ.

ఇప్పుడు సాయంత్రం దీపం పెట్టే వేళకు అత్తయ్యకు కంగారు మొదలవుతుంది. ఇల్లు తనది కాదంటారు, ఒడియాలో వాళ్లమ్మను పిలుస్తారు. ఆ సమయానికి ఇచ్ఛాపురం నుంచి ఆవిడ తమ్ముడు రోజూ ఫోను చేసి ఒడియాలో మాట్లాడతారు. బాబాయిగారూ, మీ గొంతు వినగానే ఆవిడ నెమ్మదిస్తారు. మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

"ఇది మీ ఇల్లే కదా అత్తయ్యా" అని వాదించకుండా, "పుట్టింట్లో ఏం వండేవారు, పెరట్లో ఏ చెట్లు ఉండేవి" అని అడగమని నేర్పింది అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా వారు. 1992లో కేరళలో మొదలైన ఆ సంస్థకు హైదరాబాదులోనూ శాఖ ఉంది. రోగులను చూసుకునేవారి కోసం పెట్టిన సమావేశంలో నేను ఫోనులోనే పాల్గొన్నాను. చెంగుకు నంబరు కుట్టించమన్నదీ, చేతికి అలవాటైన పని ఏదైనా ఉంటే మాన్పించవద్దన్నదీ అక్కడే.

అత్తయ్యకు అలవాటైన పని పొందూరు ఖద్దరు పని. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వడం చూడనివారికి చెబితే నమ్మరు. ఆ ఎముకకు వరుసగా సన్నని పళ్లుంటాయి. గింజను అంటిపెట్టుకున్న దూదిని దానితో దువ్వితే చెత్త రాలిపోయి పోగులు తిన్నగా అవుతాయి. మనవరాలి పేరు గుర్తులేని అత్తయ్య ఎముక చేతికిస్తే ఇప్పటికీ తడుముకోకుండా దువ్వుతారు. బొటనవేలు గింజ దగ్గరికి రాగానే ఆగుతుంది, తిప్పుతుంది, మళ్లీ సాగుతుంది. పేర్లను, నిన్నటి సంగతులను దాచుకునే భాగం మెదడులో వేరు, చేతి పనులను దాచుకునే భాగం వేరు, ఈ జబ్బులో రెండోది చాలాకాలం నిలుస్తుందని విన్నాక, ఆ ఎముకను అటక మీది నుంచి దింపి ఇచ్చాము. ఆ వేళలో ఆవిడ మునుపటి అత్తయ్యే. పక్కింటి వదిన తన పత్తిలో కొంత తెచ్చి ఇస్తున్నారు. ఆమె రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు.

నా సంగతి కూడా చెప్పాలి. రాత్రుళ్లు నిద్ర లేక, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతూ, నేనే జబ్బుపడే స్థితికి వచ్చినప్పుడు ఆశా కార్యకర్త చెప్పి 14416కు ఫోను చేయించారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అది, మనసు బాగోలేనివారికి ఫోనులో సాయం చేసే సేవ. నిమ్హాన్స్ వారి పర్యవేక్షణలో రాత్రీపగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అవతలి అమ్మాయి మొదట అత్తయ్య గురించి కాదు, "మీరు భోజనం చేశారా?" అని నన్ను అడిగింది. ఆ మాట అడిగినవారు అప్పటికి ఎవరూ లేరు. వారంలో ఏ రాత్రి ఎవరు మేలుకోవాలో కాగితం మీద రాయించింది. ఆ కాగితం చూపించాకే మా ఆడపడుచు రెండు రాత్రులు తన వంతుకు తీసుకుంది. ఫోనులో మాట్లాడిన తల్లీ, నువ్వు చల్లగా ఉండు.

మన దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అంచనా. మగవారికంటే ఆడవారిలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువట. బెంగళూరులో మెదడు పరిశోధన కేంద్రం వారు కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో 45 ఏళ్లు దాటిన వేలమందిని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ, జబ్బు ఎలా మొదలవుతుందో గమనిస్తున్నారు. ఆ పరీక్షలకు ఒప్పుకున్న పల్లె జనానికీ నా కృతజ్ఞతలు. రేపు మా పిల్లల తరానికి మందు దొరికితే అందులో వారి వంతు ఉంటుంది. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగతాగడం, చెవుడు, చూపు మందగించడం, ఒంటరితనం లాంటి 14 కారణాలను సరిచూసుకుంటే దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది. మా వారు ఈసారి సెలవుకు రాగానే బీపీ చూపించుకున్నారు.

శ్రీకాకుళంలోనే వారానికి ఒక్క రోజైనా మతిమరుపు రోగులను ప్రత్యేకంగా చూసే ఏర్పాటు ఉండాలని అధికారులను వేడుకుంటున్నాను. ముసలివాళ్లను విశాఖ దాకా తీసుకువెళ్లి తీసుకురావడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు.

పొందూరు, ఆమదాలవలస, రణస్థలం వైపు ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి పెద్దవాళ్లుంటే మా ఇంటికి రండి. సమావేశంలో రాసుకున్న సూచనలన్నీ తెలుగులో శుభ్రంగా రాసి జిరాక్సులు తీయించి ఉంచాను. ఉదయం పదింటి తరువాత ఎప్పుడైనా ఉంటాను.